వాగు అవతలి గొంతు

జ్ఞానప్రసూన అల్లుడి తప్పు అల్లుడికి చెప్పదు. అమ్మాయి పెళ్ళయి ఆరేళ్ళయినా ఒక్కసారి కూడా చెప్పలేదు. ఫణికుమార్ కారు నడుపుతూ ఎగ్జిట్ దాటేస్తే, వెనక సీట్లో తన పక్కనున్న భర్తతో, "ఏవండీ, కాస్ట్‌కో బోర్డు ఇందాకే వెళ్ళిపోయినట్టుంది కదూ?" అంటుంది. కేశవరావు "ఏమో, నేను చూళ్ళేదు" అంటాడు. ముందు సీట్లో ఫణి ఆ మాట విని, మారు మాట్లాడకుండా కారు వెనక్కి తిప్పుతాడు. ఈ ఏర్పాటు అందరికీ సౌకర్యంగానే ఉండేది. కిందటి సెప్టెంబరులో మాత్రం ఈ మర్యాద మూలంగా బోర్నియోలో ఒక అడవి ముక్క రంపం కిందికి పోవలసింది.

అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో కూతురింటికి వాళ్ళు మే నెలాఖరులో వచ్చారు, ఆరు నెలలు ఉందామని. కూతురు శ్రీవల్లి గిబ్బన్ల మీద పరిశోధన చేస్తుంది. రాజమండ్రిలో ఎవరైనా "మీ అమ్మాయి ఏం చేస్తుందండీ?" అని అడిగితే ప్రసూన మొదట్లో "కోతుల మీద రీసెర్చి" అనేది. శ్రీవల్లి ఫోన్‌లోనే దిద్దింది.

"కోతులు కాదమ్మా, ఏప్స్. గొరిల్లా, చింపాంజీ, వాటి జాతి. తోక ఉండదు. మనకి దగ్గర చుట్టాలు."

అప్పట్నుంచి ప్రసూన "మన దగ్గర చుట్టాల మీద రీసెర్చి" అని చెబుతోంది. అవతలివాళ్ళు ఇంకేమీ అడగరు. ఎవరి చుట్టాల సంగతి బయటికొస్తుందోనని భయం.

శ్రీవల్లి పనిచేసే బృందానికి పెద్ద జుడిత్ క్రేన్ అనే ఆవిడ. డెబ్భై ఒక్క ఏళ్ళు. అందులో సగానికి పైగా అడవుల్లో గడిపింది. గిబ్బన్లు చెట్ల చిటారు కొమ్మల్లో తిరుగుతాయి కాబట్టి కంటితో లెక్కపెట్టడం కష్టం. కానీ తెల్లవారగానే ఆడ గిబ్బన్ పాడుతుంది. సన్నగా మొదలై, మెట్లెక్కినట్టు పైపైకి పోయి, చివర గవ్వలు దొర్లించినట్టు జలజలమంటుంది ఆ పాట. ఒక్కో కుటుంబానికి ఒక్కో చోటు, ఒక్కో ఆడ గొంతు. గొంతులు లెక్కపెడితే కుటుంబాలు లెక్కపెట్టినట్టే. అంతకు ముందు ఏడాది వేసవిలో జుడిత్, శ్రీవల్లి కలిసి బోర్నియో అడవిలో చెట్లకి రికార్డర్లు కట్టి, నాలుగు నెలలుండి వచ్చారు. ఇప్పుడు గంటలకొద్దీ రికార్డింగు బాతెల్‌లో ఇంటి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్‌లో ఉంది.

ఇది రెండో వారం మాట. ప్రసూన వంకాయలు తరుగుతోంది. శ్రీవల్లి పక్కనే కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి పాటలు వింటోంది. నాలుగోది మొదలవగానే ప్రసూన తలెత్తకుండా, "ఇందాకటావిడే కదూ" అంది.

"ఎవరు?"

"రెండోసారి పాడినావిడ. ఇప్పుడు కాస్త గొంతు పట్టేసినట్టుంది."

శ్రీవల్లి ఫైలు పేరు చూసింది. అదే గిబ్బన్, వాన పడ్డ మర్నాడు పాడింది. అలా గుర్తుపట్టడం నేర్చుకోడానికి శ్రీవల్లికి రెండేళ్ళు పట్టింది.

నిజానికి ఇందులో వింతేమీ లేదు. ప్రసూన ఇరవై రెండో ఏట రాజమండ్రి ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేరింది. ఎదురుగా బోర్డు, చేతిలో వైరు, చెవిలో ఊళ్ళన్నీ. పెద్ద వీధిలో ఒక డాక్టరుగారింట్లో తల్లీ ఇద్దరు కూతుళ్ళూ ముగ్గురూ అచ్చం ఒకేలా "హలో" అనేవాళ్ళు. ఆ డాక్టరుగారే ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, పెద్దకూతురు ఎత్తితే "ఏమోయ్, చారు పెట్టావా?" అని అడిగేవాడు. ప్రసూన ఏనాడూ పొరబడలేదు. గొంతులు కలవొచ్చుగానీ, హలో అనేముందు పీల్చే ఊపిరి ఎవరిది వాళ్ళదే అనేది. ఎస్టీడీ వచ్చి ట్రంక్ కాల్స్ పోయాక ఆవిణ్ణి కంప్లయింట్ల సెక్షన్లో వేశారు. పదకొండేళ్ళు "ఫాల్ట్ ఎక్కడండీ?" అని అడిగి రిటైరైంది.

శ్రీవల్లి తల్లికి హెడ్‌ఫోన్స్ ఇచ్చింది. పాటల్ని వేరుచేసే ప్రోగ్రాం ఒకటి ఉంది. ఫణి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. భార్య కోసం శనాదివారాల్లో కూర్చుని రాశాడు. అయితే యంత్రం చెప్పినదాన్ని పదో వంతైనా మనిషి చెవితో సరిచూడాలని జుడిత్ నియమం. ఆ పదో వంతు ప్రసూనకి వచ్చింది.

ఆవిడ తన పద్ధతిలోనే పని మొదలుపెట్టింది. ముందు నోటు పుస్తకంలో ఒక్కో పాటకీ ఒక్కో టికెట్: తేదీ, గంట, నిమిషం, రికార్డరు నంబరు, ఎవరు. ఎక్స్ఛేంజ్‌లో టికెట్ ఒకసారి రాశాక కొట్టివేయకూడదు. ఇక్కడా కొట్టివేయలేదు. గిబ్బన్లకి శ్రీవల్లి పెట్టిన నంబర్లు గుర్తుండక స్టేషన్ల పేర్లు పెట్టుకుంది. అందరికంటే గట్టిగా, ధీమాగా పాడే ఆవిడ రాజమండ్రి. రాజమండ్రి ఆపీ ఆపగానే ఇంకో లేతగొంతు అందుకుంటుంది. అచ్చం అదే బాణీ. వంతెన దాటగానే వచ్చే స్టేషను కాబట్టి దాని పేరు కొవ్వూరు.

తర్వాత కంప్యూటర్లో షీటు నింపాలి, ఎప్పుడు ఎంతమంది పాడారో. ఆ షీటు కూడా ఫణే తయారుచేశాడు. అత్తగారికి తేలిగ్గా ఉంటుందని ప్రతి పాట పక్కనా తన ప్రోగ్రాం చెప్పిన జవాబు కూడా కనిపించేలా పెట్టాడు. రెండూ కలిస్తే గడి పచ్చగా వెలుగుతుంది, కలవకపోతే ఎర్రగా.

జూన్ పన్నెండు, ఉదయం ఐదూ నలభై ఎనిమిది, ఏడో రికార్డరు. ప్రసూన పుస్తకంలో రెండు టికెట్లున్నాయి, రాజమండ్రి, కొవ్వూరు. షీటులో అల్లుడుగారి జవాబు ఒకటి. ఆవిడ 2 కొట్టింది. గడి ఎర్రబడింది.

మళ్ళీ విన్నది. ఇద్దరే. ఇంకోసారి విన్నది. ఖాయంగా ఇద్దరు. కానీ ఆ ఎరుపు అల్లుడుగారి జవాబుకి ఆనుకుని ఉంది. ఆయన టెక్సాస్‌లో ఎమ్మెస్ చేసినవాడు. శనివారం పూట సినిమా కూడా చూడకుండా రాశాడు. ఈ ఒక్క పాటతో ఏమవుతుందిలే అనుకుంది. 2 తీసేసి 1 కొట్టింది. గడి చల్లగా పచ్చబడింది.

అది మొదటిది. ఆగస్టు వెళ్ళేసరికి అలాంటివి నలభై ఒకటయ్యాయి.

"నూటికి నూరు, వల్లీ," అన్నాడు ఫణి ఒకరోజు భోజనాల దగ్గర. అతనిది వరంగల్. "అత్తమ్మ, నా ప్రోగ్రాం ఒక్క మాట మీదున్నం. ఎక్కడా తేడా లేదు."

"ఎక్కడా లేదా?" అంది శ్రీవల్లి. "ఒక్కటి కూడా?"

"ఒక్కటి గూడ. అడుగు అత్తమ్మను."

ప్రసూన తలొంచుకుని అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

సెప్టెంబరులో ఒక సోమవారం శ్రీవల్లి లాప్‌టాప్ మూసేసి, టేబుల్ మీద మోచేతులాన్చి కూర్చుంది. కేశవరావు క్రాస్‌వర్డ్ పక్కన పెట్టి, "ఏమ్మా?" అన్నాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మొహం చూసి తప్పు ఎక్కడ వచ్చిందో కనిపెట్టగలనని ఆయన నమ్మకం.

"వాగు అవతల ఎవరూ లేరు నాన్నా."

విషయం ఇదీ. ఆ అడవి మధ్యలో ఒక వాగు ఉంది. అవతలి వైపు సన్నటి ముక్క ఒకటి మిగిలింది. దాన్ని కొట్టి పామాయిల్ తోట వేసుకోడానికి ఒక కంపెనీ అనుమతి అడిగింది. అందులో గిబ్బన్ కుటుంబం కాపురముందని తేలితే ముక్కని వదిలెయ్యాలి. లేదంటే కొట్టుకోవచ్చు. నివేదిక శుక్రవారం పంపాలి. ప్రోగ్రాం లెక్కన మొత్తం పదకొండు కుటుంబాలు, పదకొండూ వాగుకి ఇవతలే.

"నేను అక్కడ టెంట్లో నాలుగు నెలలున్నాను. అవతల్నించి ఒక గొంతు విన్నాననే అనుకున్నాను," అంది శ్రీవల్లి. "జుడిత్ కూడా విన్నట్టే ఉందంది. కానీ 'అనుకున్నాం' అని రాయలేం కదా. ఏడో రికార్డరు పెట్టిందే దానికోసం. అందులో ఇవతలి ఆవిడ పాట తప్ప ఏమీ లేదు. ప్రోగ్రాం అదే చెప్పింది, అమ్మ కూడా అదే రాసింది."

ప్రసూన చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏడోది వాగు అవతలుందా?"

"అదొక్కటే అవతల. ఎందుకు?"

"ఊరికే," అంది ప్రసూన.

మర్నాడు పొద్దున్న నడకకి వెళ్ళినప్పుడు భర్తకి అంతా చెప్పింది. కేశవరావు రోడ్డు పక్కన ఆగిపోయాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఇలాంటిది ఆయన చూళ్ళేదు.

"పిల్లలు కాపీ కొడితే పక్కవాడి రైటు చూసి తన తప్పు దిద్దుకుంటారు. నువ్వు తప్పు చూసి రైటు దిద్దావా?"

"ఎర్రగా వెలుగుతోందండీ."

"వెలగనీ. దానికోసమే పెట్టాడు అది."

"మీరు చెప్పకూడదూ అల్లుడుగారికి?"

"నేను చెబితే మామగారు తప్పు పట్టాడంటారు."

"నేను చెబితే అత్తగారు పట్టిందంటారు. పోనీ అమ్మాయికి చెబితే?"

"అది వాణ్ణి తిడుతుంది. వాళ్ళిద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకోరు. మధ్యలో మనం వండుకు తినాలి." కేశవరావు నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "అయినా నీకిదేం కొత్త? కలెక్టరు బంగళాకి ఫోన్ చేసి, 'మీ కుక్క వైరు కొరికిందండీ, మా తప్పు కాదు' అని చెప్పినదానివి."

"అది లైన్ మీద కదండీ," అంది ప్రసూన.

అన్నాక ఆవిడే ఆ మాట గురించి ఆలోచిస్తూ ఇంటిదాకా నడిచింది.

పదిన్నరకి నోటు పుస్తకం, కళ్ళజోడు, ఫోను పట్టుకుని ఇంటి ముందు పోస్టు బాక్సుల దగ్గరున్న బెంచీ మీద కూర్చుంది. ఫణి ఆ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్. మేడమీద గదిలో అతని తల కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఆవిడ బెంచీ మీద ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఫోన్ చేసింది.

"అత్తమ్మా, ఇంట్లనే ఉన్నరు కదా. ఏమైంది?"

"నమస్కారమండీ. మీ లైన్లో ఫాల్ట్ ఉందండీ."

"ఏ లైన్? వైఫై పోయిందా?"

"మీ ప్రోగ్రాంలో అండీ. రాసుకుంటారా?"

ఇంట్లో ఎప్పుడూ "అలాగేనండీ", "వడ్డించమంటారా" తప్ప వినని గొంతు అది. ఇప్పుడు దాంట్లో బెరుకు లేదు, తొందరా లేదు. ఫణి తనకు తెలీకుండానే పెన్ను తీసుకున్నాడు.

"జూన్ పన్నెండు, ఐదూ నలభై ఎనిమిది, ఏడో రికార్డరు. ఇద్దరు పాడారు. మీది ఒకటే చూపిస్తోంది. జూన్ పదమూడు, ఐదూ యాభై ఒకటి, అదే రికార్డరు, ఇద్దరు. మీది ఒకటి. జూన్ పదిహేను..."

ఏడోది చదివాక అతను ఆపాడు. "ఒక్క నిమిషం అత్తమ్మా. నిమిషం లోపల అట్లాంటి గొంతే మళ్ళొస్తే డూప్లికేట్ అని తీసెయ్యమన్న. ఒక్క పాటనే రెండు మూడు రికార్డర్లు వింటయి, వాటి గడియారాలు అటిటు తిరుగుతయి. అందుకని నిమిషం టైమిచ్చిన. అది ఫాల్ట్ కాదు."

"ఆ నిమిషంలోనే పాడుతుందండీ ఆ పిల్ల. తల్లి ఆపగానే అందుకుంటుంది. పన్నెండు సెకన్లు, మహా అయితే ఇరవై."

"తల్లా?"

"తల్లేనండీ. గొంతు అదే, ఊపిరి వేరు. అవతలి గట్టున వేరు కాపురం పెట్టినట్టుంది. మీరు ఆవిణ్ణి ఉంచి ఈవిణ్ణి తీసేస్తున్నారు. అస్తమానూ."

ఫణి కీబోర్డు మీద ఏదో కొట్టడం వినిపించింది.

"అత్తమ్మా," అన్నాడు చివరికి, "మరి మీరు షీట్ల ఒకటని ఎందుకు కొట్టిన్రు?"

లైన్ మీద కూడా దీనికి జవాబు కష్టమైంది.

"మీది ఎర్రగా వెలుగుతోందనండీ."

అటునుంచి దగ్గో నవ్వో తెలీని చప్పుడు. "ఆగున్రి, నేనే కిందికొస్త."

"అక్కర్లేదండీ. లైన్లోనే ఉండండి. ఇంకా ముప్పై నాలుగున్నాయి."

సాయంత్రం శ్రీవల్లి ల్యాబ్ నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి చెప్పారు. ఆమె కోపగించుకోలేదు. దానికే ప్రసూనకి భయమేసింది.

"డేటా మార్చావా అమ్మా?"

"పుస్తకంలో మార్చలేదే. షీటులోనే..."

"ఇది కూరలో ఉప్పెక్కువైనా బాగుందనడం కాదు. నువ్వు రాసిన కాగితం చూసి ఒక అడవి కొట్టాలో వద్దో నిర్ణయిస్తారు." భర్త వైపు తిరిగింది. "నువ్వు. జవాబు పక్కన పెట్టి ఎవరైనా పరీక్ష పెడతారా?"

"అత్తమ్మకు ఈజీగ ఉంటదని," అన్నాడు ఫణి.

"ఆవిడ కూడా నీకు ఈజీగా ఉండాలనే చూసింది. ఇద్దరూ ఒకళ్ళ మర్యాద ఒకళ్ళు కాపాడుకున్నారు." శ్రీవల్లి కుర్చీలో కూలబడింది. "అమ్మ నింపిన షీట్లు మొత్తం పక్కన పడేయాలి. ఒక్కటి కూడా వాడకూడదు. శుక్రవారానికి మూడు రోజులే ఉంది. జుడిత్‌కి నేను చెప్పాలి."

"నేను చెబుతాలే," అంది ప్రసూన.

"ఫోన్లోనా?" అన్నాడు కేశవరావు. ఎవరూ నవ్వలేదు.

జుడిత్ గురువారం పొద్దున్న వచ్చింది. బక్కపలచటి మనిషి. రెండు మోకాళ్ళూ మార్పించుకుంది. వచ్చీరాగానే చెప్పులు విప్పి గుమ్మం పక్కన ఎవరూ చెప్పకుండానే వరసగా పెట్టింది. ప్రసూన ఎదురెళ్ళి, ఎక్స్ఛేంజ్ నేర్పిన పొట్టి పొట్టి ఇంగ్లీషులో జరిగింది జరిగినట్టు చెప్పింది. జుడిత్ మొత్తం విని, "అల్లుడి కోసమా?" అని అడిగింది.

"అవును మేడమ్."

"నేను నా అల్లుడితో పదకొండేళ్ళుగా మాట్లాడటం లేదు," అంది జుడిత్. "నీ పద్ధతి ఇంకా నయం. కానీ మార్చిన చెయ్యి కాబట్టి నీ పేరు నివేదికలో రాయను."

ప్రసూన తలూపింది. ఎక్స్ఛేంజ్‌లో అయితే మెమో ఇచ్చి ఇంక్రిమెంటు ఆపేవారు.

జుడిత్ తనతో ఇరవై పాటలు తెచ్చింది. అన్నీ తను చెట్టు కింద నిలబడి కళ్ళారా చూసి రికార్డు చేసినవి. ఏది ఎవరిదో ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు. ప్రసూన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఒకటీ అయిదూ ఒకరే, రెండూ పదకొండూ ఒకరే, ఇలా చెప్పుకుంటూ పోయింది. కేశవరావు అలవాటు కొద్దీ వెనకాల తిరుగుతూ పర్యవేక్షించాడు. ఇరవైకి పదిహేడు సరిపోయాయి.

"నా విద్యార్థులెవరూ పదమూడు దాటలేదు," అంది జుడిత్. "అయినా చెవి సాక్ష్యం కాదు. అవతల ఇంకొకతె ఉందని నేనూ నమ్ముతున్నాను. నమ్మకాన్ని ఫారంలో రాయడానికి గడి లేదు. ఇద్దరున్నారని చెవిటివాడికి కూడా చూపించగలవా?"

శ్రీవల్లి తల్లి వైపు చూసింది. ప్రసూన నోటు పుస్తకం పేజీలు తిప్పుతోంది.

"మేడమ్, ఒక పార్టీ ఒకేసారి రెండు లైన్ల మీద మాట్లాడలేదు," అంది. "జూన్ పదిహేడు. ఐదూ యాభై రెండు. ఆ ఒక్కరోజే కొవ్వూరు ఆగలేకపోయింది. తల్లి ఇంకా పాడుతుండగానే మొదలెట్టేసింది."

ఆ టికెట్ మీద పక్కగా తెలుగులో "తొందర పిల్ల" అని రాసి ఉంది.

ఫణి ఆ ఫైలు తెరిచాడు. ప్రోగ్రాం తీసి అవతల పారేసిన వాటిలోంచి వెతికి తెచ్చాడు. పాటని గీతగా చూపించే బొమ్మ తెరమీదికొచ్చింది. ఒక గీత మెట్లు మెట్లుగా పైకెక్కుతోంది. అది కొస దాకా పోకముందే కిందినుంచి ఇంకో గీత, అవే మెట్లు ఎక్కుతూ వచ్చింది. ఎనిమిది సెకన్ల పాటు రెండూ పక్కపక్కనే నడిచాయి. ఒక గొంతులోంచి రెండు గీతలు రావు. ఆ రెండో గీత వాగు అవతలి ఏడో రికార్డరులో తప్ప మరెందులోనూ లేదు. జుడిత్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఒంటరి ఆడది అయితే కుటుంబం కిందికి రాదు," అంది మెల్లగా.

"మొగుడున్నాడు మేడమ్. చివర వినండి. కాస్త నెమ్మదస్తుడు."

శబ్దం పెంచారు. లేతగొంతు గవ్వలు దొర్లించి ఆగాక, దూరంగా, చాలా వినయంగా, రెండే రెండు కూతలు. శ్రీవల్లి చేత్తో నోరు మూసుకుంది. అది మగ గిబ్బన్ జవాబు. నాలుగు నెలలు జలగలతో కాపురం చేసి ఆమె విన్నాననుకున్నది అదే.

అప్పుడు ఫణి గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటుంది. నిన్న ప్రోగ్రాం మార్చిన. నిమిషాన్ని మూడు సెకన్లు చేసిన. అంతా మళ్ళ రన్ చేస్తే పన్నెండు కాదు, పంతొమ్మిది కుటుంబాలొచ్చినయి. అవతలి గట్టు మీదనే నాలుగు."

గదిలో అందరి మొహాలూ వెలిగాయి. పంతొమ్మిదంటే ఆ ముక్కే కాదు, దాని చుట్టుపక్కల వాటికి కూడా ఎవరూ చెయ్యి వెయ్యలేరు. శ్రీవల్లి అప్పుడే లాప్‌టాప్ తన వైపు లాక్కుంది. ప్రసూన మాత్రం ఆ పంతొమ్మిదినీ ఒక్కొక్కటిగా వింటోంది. పంతొమ్మిదోది అయ్యాక ఆపింది. భర్త వైపు తిరిగింది.

"ఏవండీ..."

కేశవరావు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. అంత శ్రద్ధగా ఆయన ఎప్పుడూ బయటికి చూళ్ళేదు.

ప్రసూన ఇటు తిరిగింది. ఫణి రెండడుగుల దూరంలో ఉన్నాడు. మధ్యలో ఫోను లేదు, కిటికీ లేదు.

"ఫణి గారూ," అంది. ఆరేళ్ళలో అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఇది తప్పండీ."

"ఏది అత్తమ్మా?"

"నాలుగోదీ తొమ్మిదోదీ ఒకావిడే. రెండు రికార్డర్లు విన్నాయి, గడియారం తేడా అయిదు సెకన్లుంది. ఆరోదీ పద్నాలుగోదీ అంతే. మొన్న ఉన్నవాళ్ళని తీసేశారు, ఇవాళ లేనివాళ్ళని పుట్టించారు. ఇందులో ఏడెనిమిది మీవే."

ఫణి చెవులు ఎర్రబడ్డాయి. జుడిత్‌కి తెలుగు రాదు. అందరి మొహాలూ చూసి, "ఏమంటోంది?" అని అడిగింది. శ్రీవల్లి నోరు తెరిచేలోపు ఫణే ఇంగ్లీషులో చెప్పాడు.

"నేను తప్పంటోంది. ఇది రెండోసారి."

"రుజువుందా?"

"ఉందనే అనుకుంటున్నా," అన్నాడు ఫణి. కుర్చీ లాక్కుని అత్తగారి పక్కన కూర్చున్నాడు. "చెప్పున్రి అత్తమ్మా. నాలుగూ తొమ్మిది నుంచి మొదలువెడదాం."

మధ్యాహ్నం మూడు దాకా కూర్చున్నారు. ఆమె వినడం, అతను గీతలు పక్కపక్కన పెట్టి కొలవడం. మధ్యలో ఒకచోట ఫణి, "ఇది మాత్రం వేరే గొంతు అత్తమ్మా, చూడున్రి, ఇక్కడ మెట్టు పొట్టిగుంది" అన్నాడు. ప్రసూన మళ్ళీ విని, "అవునండీ, నేనే పొరబడ్డాను" అంది. లెక్క పన్నెండు దగ్గర ఆగింది. దాన్ని కూడా జుడిత్ అలాగే ఒప్పుకోలేదు. శుక్రవారం పొద్దున్న ముగ్గురు విద్యార్థుల్ని మూడు గదుల్లో కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా, ఆ పాటలన్నీ వినిపించింది. గీతల బొమ్మలు ముందు పెట్టింది. ముగ్గురూ పన్నెండే రాశారు. ఒకమ్మాయి జూన్ పదిహేడు పాట దగ్గర "ఇద్దరు. రెండో ఆమెకి ఓపిక లేదు" అని రాసింది. ప్రసూనకి ఆ అమ్మాయిని ఒకసారి చూడాలనిపించింది.

సాయంత్రం నాలుగున్నరకి నివేదిక వెళ్ళింది. పన్నెండో వరసలో, వాగుకి అవతలి గట్టు, ఒక ఆడ, ఒక మగ, పిల్లలు తెలియదు.

జవాబు నవంబరు మూడో వారంలో వచ్చింది. అప్పటికి ప్రసూన సూట్‌కేసులు సర్దుతోంది. శ్రీవల్లి మెట్ల మీద నిలబడే చదివింది. వాగు అవతలి ముక్కని ఈ ఏడాది కొట్టే జాబితాలోంచి తీసేశారు. వచ్చే జూన్‌లో మళ్ళీ సర్వే చెయ్యాలి. అప్పుడు ఎవరూ వినిపించకపోతే మళ్ళీ ఆలోచిస్తారు.

"ఒక్క ఏడాదేనా?" అంది ప్రసూన.

"ఒక్క ఏడాదంటే చాలా ఎక్కువమ్మా. ఈలోపు దానికో పిల్ల పుట్టొచ్చు."

"జుడిత్ ఏమందీ?"

"వచ్చే సర్వేకి మీ అమ్మ వినొచ్చంది. షీటు కాగితమ్మీద, పెన్నుతో. జవాబులు కనపడకూడదు. అల్లుడు అదే ఇంట్లో ఉండకూడదంది."

"నేనెటు వోవాలె?" అన్నాడు ఫణి.

"ల్యాబ్‌లో కూర్చో," అంది శ్రీవల్లి.

"సరే. అత్తమ్మ లేకుండ మాత్రం ప్రోగ్రాం రన్ చెయ్య నేను. టికెట్లు ఇప్పుడే బుక్ చేస్త. మేలనే రాన్రి అత్తమ్మా, మామయ్య కూడ."

ప్రసూన చీర మడత పెట్టడం ఆపి అల్లుడి వైపు చూసింది.

"బుక్ చెయ్యండిగానీ, పోయినసారి మమ్మల్ని దోహాలో పదకొండు గంటలు కూర్చోబెట్టారండీ," అంది. "అదీ చెప్పలేదు నేను."

కేశవరావు సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతున్నాడు. ఆయన తలెత్తలేదు.

"ఇంకేమన్న ఉన్నయా అత్తమ్మా?" అన్నాడు ఫణి.

"ఉన్నాయండీ," అంది ప్రసూన. "కూర్చోండి."